గౌను వెనక అంచు

కూతురు పిచ్చుక గౌను వెనక అంచు ఎందుకు పైకి లేస్తోందో కోడలికి తెలిసిపోయింది. తప్పు గుడ్డది కాదు, కత్తెరదీ కాదు. ఎముకల డాక్టరమ్మ గదిలో వెలుగుపెట్టె మీద తగిలించిన ఎక్స్‌రే ఫోటోలో, నాలుగేళ్లు నిండని పిల్ల వెన్నులో రెండు పూసలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. వాటి మధ్య ఉండవలసిన సందు లేదు. కోడలూ ఆమె మొగుడూ ఆ ఫోటో ముందే నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ దాని మీంచి చూపు తిప్పి, గొంతు పెంచకుండా ఒకే ఒక్క మాట అడిగింది.

“మీ ఇంట్లో దగ్గేవాళ్లు ఎవరు?”

అడగడమే ఆలస్యం, తలుపవతల వరండాలోంచి దగ్గు వినపడింది. పాత చెక్కకు మొద్దు రంపం పెట్టినట్టు సాగి సాగి, చివర్న ఒక్క కుదుపుతో తెగింది. గదిలో ఉన్న ముగ్గురు పెద్దవాళ్లూ అది అయ్యేదాకా ఊరుకున్నారు.

“మా నాన్నండీ,” అన్నాడు కోడలి మొగుడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ. “అది దగ్గు కాదు, మా కొట్టు బోర్డు. సందు చివరిదాకా వినపడుతుంది. దాన్ని బట్టే కొట్టు తీశామో లేదో జనం తెలుసుకుంటారు.”

డాక్టరమ్మ నవ్వలేదు. “ఎన్నాళ్ల నుంచి?”

“నేను పుట్టక ముందు నుంచీ. నూలు దుమ్మండీ. దగ్గని దర్జీ ఎక్కడుంటాడు?”

గొంతులో దారప్పోగు అడ్డం పడినట్టుంటే కోడలు చిన్నగా సవరించుకుంది. పొద్దస్తమానం పళ్లతో దారం తెంపే వాళ్లకు అదీ మామూలే.

“ఇది ఎముకకు పట్టిన క్షయలాగే ఉంది,” అంది డాక్టరమ్మ. “సూదితో కొంచెం చీము తీసి పరీక్షకు పంపితే గట్టిగా తేలుతుంది. ఏ మందుకు లొంగుతుందో కూడా అందులోనే తెలుస్తుంది.”

“క్షయంటే ఊపిరితిత్తులకు కదండీ. పిల్ల ఒక్కనాడు కూడా దగ్గలేదు,” అన్నాడు మొగుడు.

“చిన్నపిల్లలు చాలామంది దగ్గరు. ఊపిరితో లోపలికి పోయిన క్రిమి నెత్తురు వెంట తిరిగి ఎక్కడో ఒక ఎముకలో మకాం పెడుతుంది. చప్పుడు చెయ్యదు. సాయంత్రం పూట ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. తిండి తగ్గుతుంది. నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తారు, పొద్దున లేచి మామూలుగా ఆడుకుంటారు. ఎదిగే నొప్పులని సిరప్పు రాసిచ్చి పంపేస్తారు.”

కోడలు తల దించుకుంది. ఆ సిరప్పు సీసాలు ఇంకా వంటింటి కిటికీలో వరసగా ఉన్నాయి.

“ఇంత పిల్ల తనంతట తను తెచ్చుకోదమ్మా. రోజూ దగ్గరగా మసిలే పెద్దవాళ్లెవరో ఇచ్చి ఉంటారు. వాళ్లకే తెలిసి ఉండదు. వాళ్లను పట్టుకోకుండా పిల్లకు మాత్రం మందు పోస్తే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.”

మాట్లాడుతూనే ఆమె పిచ్చుకను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. పిల్లకు వేరే పేరుంది. బడిలో చేర్చేటప్పుడు గుర్తు చేసుకోవచ్చని అందరూ దాన్ని పక్కన పెట్టేశారు. డాక్టరమ్మ తాళంచెవి మొనతో అరికాలు మీద గీసింది. “చక్కిలిగిలి,” అంది పిచ్చుక. తర్వాత డాక్టరమ్మ ఆ పాదాన్ని అరచేత్తో ఒక్కసారి పైకి నెట్టి, అలాగే పట్టుకుంది.

పాదం టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పిల్ల చేస్తున్నది కాదు. ఆపాలన్నా ఆగేది కాదు. ఆ కదలికను కోడలు ఎరుగును. మిషన్ తొక్కే కాలు తీసేశాక కూడా సూది కాసేపు తనంతట తను పైకీ కిందికీ ఆడుతుంది, అచ్చం అలాగే.

“అమ్మా, నా కాలు డాన్సు చేస్తోంది.” పిచ్చుక కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి తండ్రీ నవ్వాడు. డాక్టరమ్మ రెండో పాదం పట్టుకుంది. అదీ ఆడింది. ఆమె రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి, వాటి మీద దుప్పటి కప్పింది.

“వెన్నులోంచి కాళ్లకు పోయే నరాల తాడు ఒకటుంది. చీము దాన్ని నొక్కుతోంది,” అంది. “ఈ వారాంతానికి మంచం ఖాళీ అవుతుంది. తెచ్చి చేర్పించండి. ఈలోగా దూకడం, వంగడం, ఎవరితోనైనా మర్దనా చేయించడం ఏదీ వద్దు. నడక తడబడినా, పక్క తడిపినా ఆగకుండా తీసుకొచ్చెయ్యండి, మంచం సంగతి నేను చూసుకుంటాను. మందులు ఏడాది పైనే వాడాలి, ఒక్క పూట మానకూడదు. ఒంటికి ప్లాస్టర్ చొక్కా వేస్తాం. మందులకు లొంగకపోతే ఆపరేషన్.”

“నడుస్తుంది కదండీ?” అంది కోడలు.

“ఇప్పుడు నడుస్తోంది. దాన్ని కాపాడుకోవాలి.”

వాళ్లు బయటికి వచ్చేసరికి, ఊరంతా మాస్టారని పిలిచే మామగారు వరండా బెంచీ మీద కూర్చుని, మోకాళ్ల మధ్య గొడుగు పెట్టుకుని దగ్గుతున్నాడు. మనవరాలిని చూడగానే దగ్గు మింగి చేతులు చాచాడు. కోడలు ఆ చేతుల పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది.

* * *

మధ్యాహ్నానికే వాన మబ్బు కమ్మి కొట్టులో దీపం వెయ్యవలసి వచ్చింది. బళ్లు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. గోడ వారగా యూనిఫారాల నీలం గుడ్డ తానులు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. కటింగ్ బల్ల కింద ముక్కగుడ్డల కుప్ప ఉంది. అది పిచ్చుక గూడు. నడక వచ్చిన నాటి నుంచి పగటి నిద్ర అక్కడే. మాస్టారు పైన గుడ్డ కోస్తూ మధ్యమధ్య కిందికి వంగి, ముక్కుకు ముక్కు ఆనించి కబుర్లు చెప్పేవాడు. రాత్రి నిద్ర మాత్రం అమ్మ దగ్గరే. కోడలి మెడవంపులో ముక్కు దూర్చుకుంటే గాని పిల్లకు కన్ను మూతపడదు. “మెడ ఇవ్వు,” అని అడిగి మరీ పడుకుంటుంది.

కాజాలు కుట్టే ఆవిడను అందరూ కాజాలక్క అంటారు. సూది కన్నా ఆవిడ నోరు చురుకు. కోడలు లోపలికి అడుగు పెట్టగానే తల ఎత్తింది.

“ఏమన్నారు పిల్లా? రోగం దానికా నీకా, మొహం అలా ఉంది? నీ నడుం చూడు, గుప్పిట్లో పట్టేట్టుంది. దిగులు మనిషిని తినేస్తుందమ్మా, కాస్త తిను.”

కోడలు నిద్రకు తూగుతున్న పిల్లను గూట్లో పడుకోబెట్టి, లోపలి గదిలోకి వెళ్లి పిచ్చుక గౌన్లు పట్టుకొచ్చింది. తెచ్చి కటింగ్ బల్ల మీద, మాస్టారు సుద్దతో గీసిన గీతల మీదే పరిచింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ బల్ల మీద ఆయన్ని అడక్కుండా గుండుసూది కూడా పెట్టి ఎరగదు. మొగుడు మిషన్ దగ్గర కూర్చుని గట్టిగా తొక్కడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాట ముదిరినప్పుడల్లా అతను ఆ చప్పుడులో దాక్కుంటాడు.

“ఏంటమ్మాయ్ ఇది?”

“చూడండి మామయ్యా. ఇది చలికాలంలో కుట్టింది. వెనక అంచు వేలెడు పైకి లేచింది. కటింగ్‌లో తేడా వచ్చిందనుకున్నాం. మీరే అన్నారు, వెనక కాస్త ఎక్కువ వదులు అని.”

“అన్నాను.”

“ఇది ఆ తర్వాతది. వెనక వదిలాను, మళ్లీ లేచింది. భుజం కుట్టు విప్పి వెనక్కి జరిపాను. ఇది మొన్నటిది. దీనికి వీపు దగ్గర కుచ్చు పెట్టాను. కుచ్చు పెడితే ముద్దొచ్చింది, అంచు కూడా సరిపోయింది. గెలిచాననుకున్నాను.” ఆమె కుచ్చు మీద అరచెయ్యి పెట్టింది. “వీపు మీద ఎముక పొడుచుకొస్తుంటే, దానికి చోటిచ్చి కుట్టాను మామయ్యా. గౌను సరిచేస్తూ కూర్చున్నాను గాని పిల్లను చూడలేదు.”

మాస్టారు ఆ మూడు గౌన్లనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వెనక అంచులు కలిపి చూశాడు. ఏ గుడ్డను చూసినా ఆయన అలాగే చూస్తాడు. ఎంతకీ తల ఎత్తలేదు.

“మీరు పరీక్ష చేయించుకోవాలి,” అంది కోడలు.

ఇప్పుడు తల ఎత్తాడు. “నేనా? దేనికి?”

“ఇంట్లో అందరూ చేయించుకోవాలి. ముందు మీరు.”

“ఇది నూలు దగ్గమ్మా. మా నాన్న దగ్గాడు, ఆయన గురువు దగ్గాడు. వాళ్ల వల్ల ఎవరికి వెన్ను వంగింది?” ఆయన టేపును మెడలోంచి తీసి మళ్లీ వేసుకున్నాడు. “బడిపిల్లల కొలతలు తీసే చెయ్యి ఇది. నేను ఆ క్షయ వార్డు మెట్లెక్కడం ఒక్కడు చూస్తే చాలు, ఊరంతా చూసినట్టే. రేపటికి ఈ తానులన్నీ ఎలా వచ్చాయో అలా పోతాయి. ఆ తర్వాత ఈ కొట్టులో నువ్వూ నేనూ ఈగలు తోలుకోవాలి.”

“ఉంటే?”

“ఏం ఉంటే?”

“నిజంగానే ఉంటే మామయ్యా? రోజూ ఎంతమంది పిల్లల మెడ దగ్గరికి వంగుతున్నారు మీరు?”

మిషన్ ఆగిపోయింది. వాన చినుకులు రేకు మీద పడటం అప్పుడే అందరికీ వినపడింది. కాజాలక్క చేతిలోని చొక్కాను ఒళ్లో దించుకుంది.

“అంటే, పిల్లకు నేను అంటించానంటావు.” మాస్టారు గొంతు పెద్దగా లేదు.

“నేననలేదు. దగ్గేదెవరని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు విప్పకముందే వరండాలోంచి మీరే చెప్పారు.”

అన్న తర్వాత గాని ఆ మాట ఎంత పదునుగా ఉందో కోడలికి తెలియలేదు. వెనక్కి తీసుకోవాలని ఉంది. తీసుకోలేదు. తీసుకుంటే ఆయన వెళ్లడు. మళ్లీ గొంతు సవరించుకుని, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“నాన్నా,” అన్నాడు మొగుడు మిషన్ దగ్గర్నించి, “ఒకసారి వెళ్లొస్తే పోయేదేముంది.”

“నువ్వు నోర్ముయ్యి. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకే నీకు అన్నం పెట్టాను.”

ఆ విసురుకి ఆయన మోచెయ్యి తగిలి బల్ల మీది దారపుండ కిందపడింది. నీలం దారం విప్పుకుంటూ గుమ్మం దాకా దొర్లిపోయింది. ఆ చప్పుడికి ముక్కగుడ్డల కుప్ప కదిలి, పిచ్చుక జుట్టు నిండా పోగులతో బయటికి పాక్కుంటూ వచ్చింది.

“నేను తెస్తా తాతా.”

వద్దు అనడానికి కోడలికి వ్యవధి లేకపోయింది. పిల్ల గుమ్మం దాకా నడిచింది. నీళ్లు నిండిన పాత్ర నెత్తిన పెట్టుకున్నట్టు, ఒళ్లు కదలకుండా నడిచింది. దారపుండ దగ్గర ఆగి వంగలేదు. ఒక చెయ్యి తొడ మీద ఆనించి, వీపు కర్రలా నిలిపి, మోకాళ్లు మడిచి కిందికి దిగింది. రెండో చేత్తో ఉండను అందుకుంది.

కొన్నాళ్లుగా పిల్ల అలాగే చేస్తోంది. చూసినప్పుడల్లా మాస్టారు మురిసిపోయి ఒక మాట అనేవాడు. కొట్టుకు వచ్చినవాళ్లకు చూపించి మరీ అనేవాడు. ఇవాళ కూడా అలవాటు కొద్దీ ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

“మా రాణీగారు ఎవరి ముందూ నడుం...”

వంచరు అన్న మాట రాలేదు.

పిచ్చుక లేవబోయింది. తొడల మీద చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ, తనను తానే ఎక్కుతున్నట్టు పైకి వచ్చింది. సగం లేచాక ఎడమ మోకాలు పక్కకు వాలింది. మెల్లగా కూలబడి, ఆశ్చర్యంగా కాలు వంక చూసుకుంది.

“తాతా, కాలు నిద్రపోయింది. లేపు.”

మాస్టారు బల్ల చుట్టూ వచ్చి రెండు చేతులూ చాచాడు. చాచినవాడు ఆగిపోయాడు. కోడలి వంక చూశాడు. చేతులు వెనక్కి తీసుకుని, భుజం మీది తువ్వాలును నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“నువ్వు ఎత్తుకో అమ్మాయ్. వీపు కదలకుండా ఎత్తుకో.”

తన కత్తెరను ఆయన కొడుక్కి కూడా ముట్టనివ్వడు. దాన్ని మిషన్ మీద కొడుకు ముందు పెట్టి, గొడుగు అందుకున్నాడు.

“మంచం ఖాళీ అయ్యేదాకా కాదు. ఇప్పుడే పదండి.”

* * *

పిల్లల వార్డు ఆసుపత్రి వెనక భాగంలో, పొడుగాటి నడవా చివర ఉంది. పిచ్చుకను పరుపు లేని చెక్కమంచం మీద పడుకోబెట్టి, ఒత్తిగిలకుండా రెండు వైపులా ఇసుక సంచులు పెట్టారు. పెద్ద యంత్రంలో వెన్నును మళ్లీ ఫోటో తీశారు, సూదితో చీము తీశారు. చీములో అనుకున్నదే తేలింది. మందులకు లొంగే రకమే అని డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఆమె మొహంలో మొదటిసారి కాస్త వెలుతురు కనపడింది. ఆ పూటే మాత్రలు పొడి చేసి పట్టించారు. ఎడమ కాలు మాత్రం ఇంకా నిద్రలోనే ఉంది. ప్లాస్టర్ చొక్కా వేసి, అది ఆరేదాకా అమ్మ పక్కనే ఉండాలి, పిల్ల ఏడ్చి మెలికలు తిరిగితే మొదటికే మోసం అన్నారు.

అందుకే కోడలు అక్కణ్నుంచి కదల్లేదు. మంచం పక్కన నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి పిల్లకు మెడ ఇచ్చేది. అటూ ఇటూ మంచాల మీద వేరే పిల్లలున్నారు. వాళ్ల అమ్మలు వచ్చి ఈమెకు ధైర్యం చెప్పేవారు. పరీక్ష చేయించుకోమని కబురు వస్తే, “ముందు మా మామయ్యది చూడండి, పిల్ల నన్ను వదలడం లేదు, తర్వాత వస్తాను,” అంది. ఎవరూ కాదనలేదు. వెతుకుతున్న మనిషి ఎవరో అందరికీ తెలుసు అన్నట్టే ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు పిలిస్తే, ప్లాస్టర్ వెయ్యడానికి పిల్లను డాక్టరమ్మకు ఒప్పగించి నడవా ఇవతలి గదికి వచ్చింది. మాస్టారు, మొగుడు అప్పటికే బెంచీ మీద ఉన్నారు. తెల్లకోటు సిస్టర్ కాయితాలు ముందు పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుంది.

“తాతగారూ, మీ తెమడలో ఏమీ లేదు. ఫోటోలో దుమ్ము పట్టిన ఛాతీ ఉంది, క్షయ లేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని గుడ్డ కోయండి ఇకనుంచి. మీ అబ్బాయిదీ బాగానే ఉంది. కాజాలు కుట్టే ఆవిడదీ బాగానే ఉంది. ఇక్కడ ఉమ్మడానికి ఆవిడ పెట్టిన పేచీ చెప్పుకుంటే తరగదు.”

మొగుడు గట్టిగా ఊపిరి వదిలాడు. కోడలు నేల వంక చూసింది. ఇప్పుడు మామయ్య ఏమన్నా పడాలి. అనవలసిందే. నలుగురిలో ఆయన్ని నేరస్థుణ్ని చేసి ఈడ్చుకొచ్చింది.

“దగ్గు అనగానే నేను గుర్తొచ్చాను,” అన్నాడు మాస్టారు నెమ్మదిగా. “అందులో నీ తప్పేం లేదమ్మాయ్. ఎవరికైనా నేనే గుర్తొస్తాను.” సిస్టర్ వైపు తిరిగాడు. “మరి ఎవరు?”

సిస్టర్ కాయితాలు మళ్లీ తిరగేసింది. “అమ్మ కాయితం ఏది?”

“నాకు దగ్గు లేదు సిస్టర్,” అంది కోడలు. అని, గొంతు సవరించుకుంది.

సిస్టర్ చేతిలో పెన్ను ఆగింది.

“అది ఎప్పటి నుంచి?”

“ఏది? ఓ, ఇదా. దారప్పోగులు. పళ్లతో తెంపుతాను కదా.”

“ఇక్కడికొచ్చాక దారం తెంపలేదు కదమ్మా.”

కోడలు వార్డు తలుపు వైపు చూసింది.

“సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుందా?”

“ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడతాను. ఎవరికైనా వెచ్చబడుతుంది.”

“చెమటలు?”

“ఆ వేడికే.”

“సన్నబడ్డారా ఈ మధ్య?”

“లేదు,” అంది. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగానే లేదనుకుంది. అంటూండగానే ఆమె చెయ్యి దానంతట అది జాకెట్టు పక్క కుట్టు మీదికి పోయింది. వేళ్లకు తగిలింది. విప్పేసిన పాత కుట్టు తాలూకు సూది బెజ్జాలు వరసగా ఉన్నాయి. వాటికి లోపలగా ఇంకో వరస ఉంది. అదీ విప్పేసిందే. ఇప్పుడున్న కుట్టు ఇంకా లోపల ఉంది. వదులవుతున్నప్పుడల్లా, ఉతికి ఉతికి గుడ్డ సాగిందనుకుంది. సాగినంత మేర లోపలికి తీసుకుంది. ఇంట్లో ఉన్న జాకెట్లన్నీ అలాగే తీసుకుంది.

ఉతికితే నూలు కుదించుకుపోతుంది. సాగదు. అది తెలియని దర్జీ ఎక్కడా ఉండడు.

తల ఎత్తేసరికి మాస్టారు ఆ కుట్టు వంకే చూస్తున్నాడు. ఆయన కళ్లు బెజ్జాల మొదటి వరస మీద ఆగాయి, రెండో వరసకు జరిగాయి. గుడ్డ చెప్పే మాట ఆయనకు ఒకరు చదివి వినిపించనక్కర్లేదు.

“ఇన్ని రోజులూ మీరు పిల్లల వార్డులోనే పడుకున్నారా?” అంది సిస్టర్. ఆమె అప్పటికే కుర్చీలోంచి లేచింది.

నడవా చివర వార్డు తలుపు తెరుచుకుంది. చక్రాల మంచం మీద పిచ్చుకను బయటికి తెస్తున్నారు. మెడ నుంచి నడుం దాకా తెల్లటి ప్లాస్టర్, ఇంకా తడి ఆరలేదు. తల తిప్పడానికి లేదు. కళ్లు మాత్రం తిప్పి, నడవా ఈ చివర నిలబడ్డ తల్లిని పోల్చుకుంది. మొహం విప్పారింది.

“అమ్మా, నిద్రొస్తోంది. మెడ ఇవ్వు.”

కోడలు ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు. రెండు చేతులతోనూ నోరు మూసుకుని, గోడకు ఆనుకుని వెనక్కి జరగడం మొదలుపెట్టింది. మంచం దగ్గరికి వస్తోంది.